వాతావరణ పరిశోధనకు వేర్వేరు శాఖల అధ్యాపక బృందాలు: నిధిని ఎవరికి, ఏ దశలో ఇవ్వాలి?

ప్రశ్న
రాసినవారు: జలరేఖ

నమస్కారం. నేను భూగర్భ జలాల మీద పరిశోధన చేసే అధ్యాపకుణ్ణి. వాతావరణ మార్పు, సుస్థిరతలకు సంబంధించిన సమస్యల మీద వేర్వేరు శాఖల వారు కలిసి పనిచేయడానికి మా విశ్వవిద్యాలయం మూడేళ్ల కాలానికి ఒక నిధిని కేటాయించి, దాన్ని ఎలా పంచాలో నిర్ణయించే సంఘానికి నన్ను కన్వీనర్‌గా నియమించింది. మొత్తం పెద్దదేమీ కాదు. ఒక్క బృందానికే ఇస్తే మూడేళ్లు సాఫీగా గడుస్తాయి. పది బృందాలకు పంచితే ఒక్కొక్కరికి వచ్చేది ఒక పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాత పనిచేసే పరిశోధకుడి) జీతానికి కూడా చాలదు.

ఇలాంటి పథకమే ఇక్కడ ఇంతకుముందు ఒకసారి నడిచింది. అప్పుడు నేను దరఖాస్తుదారుణ్ణి. ప్రకటన వెలువడిన మూడు వారాల్లో ప్రపోజల్ పంపాలన్నారు. నేను సివిల్ ఇంజనీరింగ్‌లో ఒకరికి, అర్థశాస్త్రంలో ఒకరికి ఫోన్ చేసి పేర్లు ఇమ్మని అడిగాను. ఇద్దరూ మొహమాటానికి ఒప్పుకున్నారు. నిధి మంజూరైంది. దాన్ని మూడు వాటాలు వేసుకుని, ఎవరి పని వారు చేసుకుని, గడువు ముగిసే ముందు మూడు అధ్యాయాలను ఒకే అట్ట కింద కుట్టి నివేదికగా సమర్పించాం. అర్థశాస్త్రవేత్త రాసిన అధ్యాయాన్ని నేను ఇప్పటికీ పూర్తిగా చదవలేదని ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను. నియమాల ప్రకారం మేము చేసిన దాంట్లో తప్పేమీ లేదు, అసలు ఇబ్బంది అదే.

ఈసారి అలా జరగకుండా చూడాలంటే, ఒక పెద్ద బృందాన్ని ఎంచుకోవడం మేలా, చిన్న మొత్తాలు చాలామందికి ఇవ్వడం మేలా? నిజంగా కలిసి పనిచేయబోయే బృందాన్ని, పేర్లు మాత్రమే కలిపిన బృందాన్ని కాగితం మీద చూసి వేరు చేయడం సాధ్యమేనా? ప్రపోజల్‌ను సమీక్షించడానికి ఏ శాఖ వారిని పిలవాలి? అనుభవం ఉన్నవారు చెబితే కృతజ్ఞుణ్ణి.

సమాధానం 1
రాసినవారు: పాతఫైలు

జలరేఖ గారూ, నేను అధ్యాపకుణ్ణి కాను. చాలాకాలం ఒక విశ్వవిద్యాలయ పరిశోధన కార్యాలయంలో ఇలాంటి పథకాల కాగితాలు చూసినవాణ్ణి. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: ఒక పెద్దదా, పది చిన్నవా అన్న ఎంపికను మొదటి రోజే చేయవలసిన అవసరం లేదు. మీ పాత పథకంలో అసలు లోపం మొత్తం ఎంత అన్నదానిలో లేదు, ఆ మూడు వారాల గడువులో ఉంది. మూడు వారాల్లో ఎవరైనా తమకు ముందే తెలిసినవారికే ఫోన్ చేస్తారు, ముందే చేస్తున్న పనికే కొత్త పేరు పెడతారు.

దశలవారీగా ఇవ్వండి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2020లో మొదలుపెట్టిన వాతావరణ మహా సవాళ్ల కార్యక్రమాన్ని చూస్తే ఈ పద్ధతి అర్థమవుతుంది. మొదట దాదాపు 100 బృందాలు ఆసక్తి తెలుపుతూ చిన్న లేఖలు పంపాయి. వాటిలో 27 బృందాలను తుది జాబితాకు ఎంపిక చేసి, పూర్తి ప్రణాళిక తయారు చేసుకోవడానికి మొత్తం 27 లక్షల డాలర్లు ఇచ్చారు. 2022 ఏప్రిల్‌లో వాటిలోంచి అయిదింటిని ప్రధాన ప్రాజెక్టులుగా ప్రకటించారు. అంత డబ్బు మీ దగ్గర ఉండదు, నిజమే. కానీ గమనించవలసింది మొత్తాన్ని కాదు, ప్రణాళిక వేసుకోవడమే డబ్బు ఇవ్వదగిన పని అని వారు గుర్తించడాన్ని. సాధారణంగా ప్రపోజల్ రాయడాన్ని అధ్యాపకులు రాత్రిళ్లు సొంత ఖర్చుతో చేయవలసిన పనిగా భావిస్తాం. ఒకే శాఖ వారైతే అది చెల్లుతుంది, ఎందుకంటే వారికి భాష ముందే ఉమ్మడిగా ఉంటుంది. వేర్వేరు శాఖల వారికి ఆ భాషను తయారు చేసుకోవడమే మొదటి ఏడాది పని.

ఆ తొలి దశలో డబ్బు దేనికి ఇవ్వాలన్నది కూడా ముఖ్యం. పరికరాలకు ఇవ్వకండి. బోధన భారం ఒక కోర్సు మేర తగ్గించడానికి, నెలకు రెండు రోజులు అందరూ ఒకచోట కూర్చోవడానికి, ఆ సమావేశాలను నడిపి, నిర్ణయాలను రాసిపెట్టి, తరువాత గుర్తుచేసే ఒక సమన్వయకర్తకు ఇవ్వండి. సమన్వయకర్త జీతాన్ని ‘పరిపాలన ఖర్చు’ అని కొట్టివేసిన సమీక్షకులను నేను చాలామందిని చూశాను. ఆ పోస్టు లేకపోతే ఆ పని అందరిలోకీ చిన్న వయసు అధ్యాపకురాలి నెత్తిన పడుతుంది, అది ఎక్కడా లెక్కలోకి రాదు.

బృందాలు తమంతట తాము ఏర్పడవనిపిస్తే రెండు పాత పద్ధతులు ఉన్నాయి. బ్రిటన్‌లోని ఇంజనీరింగ్, భౌతిక శాస్త్రాల పరిశోధన మండలి ‘శాండ్‌పిట్’ అనే పద్ధతిని నడిపింది. ఒకరికొకరు పరిచయం లేని 20 నుంచి 30 మంది పరిశోధకులను దాదాపు అయిదు రోజులు ఒకే చోట ఉంచి, అక్కడే ప్రశ్నలు తయారు చేయించి, అక్కడే సమీక్షించి, నిధిని ఏ ప్రాజెక్టులకు ఇవ్వాలో కూడా దాదాపుగా అక్కడే తేలుస్తారు. చురుకుగా మాట్లాడేవారికి అది అనుకూలం, ఆలోచించి మాట్లాడేవారికి కాదు. చిన్నపిల్లలున్నవారు అయిదు రోజులు ఇల్లు వదిలి రాలేరు. రెండోది, నాకు ఎక్కువ నచ్చినది, అమెరికాలోని శాంటా బార్బరాలో 1995లో మొదలైన జాతీయ పర్యావరణ విశ్లేషణ కేంద్రం పద్ధతి. అక్కడ కొత్త కొలతలు తీయరు. వేర్వేరు చోట్ల ముందే ఉన్న సమాచారాన్ని కలిపి చూడటానికి ఒక చిన్న బృందం ఏడాదిలో కొన్నిసార్లు, వచ్చినప్పుడల్లా కొన్ని రోజులు కలిసి కూర్చుంటుంది. ప్రయాణం, వసతి, సమాచారాన్ని శుభ్రపరచే ఒక సాంకేతిక నిపుణుడు, ఇంతే ఖర్చు. మీలాంటి పరిమిత నిధికి ఇది బాగా సరిపోతుంది.

సమాధానం 2
రాసినవారు: మూడో కుర్చీ

నేను సమాజశాస్త్రం బోధిస్తాను. ఇప్పటివరకు నాలుగు వాతావరణ ప్రాజెక్టుల్లో నా పేరు ఉంది. వాటిలో మూడింటిలో నన్ను ప్రపోజల్ పంపడానికి రెండు రోజుల ముందు చేర్చుకున్నారు. ప్రశ్న ముందే ఖరారైంది, నమూనా (మోడల్) ముందే తయారైంది. ‘ప్రజలు దీన్ని ఎలా స్వీకరిస్తారో’ చివరి ఆరు నెలల్లో ఒక సర్వే చేసి చెప్పడం నా వంతు. దీన్ని నేను ఫిర్యాదుగా రాయడం లేదు, మీ రెండో ప్రశ్నకు జవాబుగా రాస్తున్నాను. కాగితం మీద చూసి వేరు చేయవచ్చు. బడ్జెట్ పట్టిక, పని కాలపట్టిక పక్కపక్కన పెట్టుకోండి. సామాజిక శాస్త్రాల వాటా ఎంత శాతం, ఆ పని ఎన్నో నెలలో మొదలవుతుంది అని చూడండి. ముప్పయ్యో నెలలో మొదలైతే ఆ మనిషి అక్కడ అలంకారానికి ఉన్నట్టే.

మొదటి నుంచీ కూర్చోబెడితే ప్రశ్నే మారుతుందని చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. 1995 జూలైలో షికాగోలో వచ్చిన వడగాడ్పుల్లో 700 మందికి పైగా మరణించారు. ఉష్ణోగ్రత, తేమ పటాలు మాత్రమే చూస్తే ఏ రోజు ప్రమాదకరమో తెలుస్తుంది. కానీ ఒకే ఎండ, దాదాపు ఒకే స్థాయి పేదరికం ఉన్న పక్కపక్క వాడల్లో మరణాల రేటు ఎందుకు అంత తేడాగా ఉందో ఆ పటాలు చెప్పలేవు. ఒంటరిగా బతికే వృద్ధులు ఎవరు, వారు గుమ్మం దాటి నడిచి వెళ్లడానికి వీధిలో దుకాణాలు, మనుషుల సందడి ఉన్నాయా, తలుపు తట్టి చూసేవారు ఉన్నారా అన్నది అక్కడ చావుబతుకులను నిర్ణయించిన వాటిలో ఒకటి. ఈ సంగతి తెలిసిన బృందం ‘వడగాడ్పులను ఇంకా ముందుగా ఎలా అంచనా వేయాలి’ అన్న ప్రశ్నతో ఆగదు, ‘హెచ్చరిక ఎవరి చెవిన పడటం లేదు’ అని కూడా అడుగుతుంది. రెండో ప్రశ్న కోసం వాతావరణ శాస్త్రవేత్త కూడా తన నమూనాను నగర స్థాయి నుంచి వాడ స్థాయికి దించుకోవలసి వస్తుంది. అలా ఒకరి ప్రశ్న మరొకరి పనిని మార్చినప్పుడే దాన్ని నేను ఉమ్మడి పరిశోధన అంటాను.

సమాధానం 3
రాసినవారు: సందేహి

అందరూ కలిసి పనిచేయడం మంచిదేనన్న నమ్మకంతో ఈ చర్చ మొదలైంది కాబట్టి, కొంచెం ఎదురు చెప్పడం నా పనిగా తీసుకుంటాను.

సమన్వయానికి ఖర్చు ఉంది, అది చిన్నది కాదు. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ నిధులిచ్చిన 62 ఉమ్మడి ప్రాజెక్టులను కమింగ్స్, కీస్లర్ అనే ఇద్దరు పరిశోధకులు పరిశీలించి 2005లో ప్రచురించిన ఫలితం చాలామంది పొరపాటుగా గుర్తుంచుకుంటారు. ఎక్కువ విశ్వవిద్యాలయాల మధ్య విస్తరించిన ప్రాజెక్టుల్లో సమన్వయం తక్కువగా, మంచి ఫలితాలు కూడా తక్కువగా కనిపించాయి. ఎక్కువ శాస్త్రాలు కలిసిన ప్రాజెక్టులు మాత్రం తక్కువ శాస్త్రాలున్న వాటికి తీసిపోలేదు. అంటే శాస్త్రాల మధ్య దూరం కంటే మనుషుల మధ్య దూరమే ఎక్కువ దెబ్బతీసింది. ఒకే ప్రాంగణంలో నిధి పంచుతున్న జలరేఖ గారికి ఇది శుభవార్తే. అయితే బయటి విశ్వవిద్యాలయాల నుంచి పెద్ద పేర్లను చేర్చుకున్న బృందాన్ని చూసి మీ సంఘం మురిసిపోకుండా ఉండటానికి ఇదే కారణం కూడా.

సమీక్ష విషయానికి వస్తే, బ్రామ్‌హమ్, ఆమె సహచరులు 2016లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశీలన ఒకటుంది. ఆస్ట్రేలియా పరిశోధన మండలికి అయిదేళ్లలో వచ్చిన 18,476 ప్రపోజల్స్‌ను తీసుకుని, వాటిలో పేర్కొన్న శాస్త్రాలు ఒకదానికొకటి ఎంత దూరంగా ఉన్నాయో కొలిస్తే, ఆ దూరం పెరిగేకొద్దీ నిధి దక్కే అవకాశం తగ్గుతూ వచ్చింది. ఆ ప్రపోజల్స్ నిజంగానే బలహీనమైనవా, లేక సమీక్షకులకు అర్థం కాలేదా అన్నది ఆ లెక్క ఒక్కటే తేల్చదు. కానీ ఎలా జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. జలశాస్త్ర సమీక్షకుడు జలశాస్త్ర భాగాన్ని చదివి ‘ఇందులో కొత్తదనం తక్కువ’ అంటాడు, అర్థశాస్త్ర సమీక్షకురాలు తన భాగాన్ని చదివి అదే మాట అంటుంది. కొత్తదనం ఆ రెండింటి మధ్య ఉందని చూడవలసినవారు గదిలో ఉండరు. అందువల్ల మార్కులను విడివిడిగా వేయించి సగటు తీసే పద్ధతిని వదిలేయండి. సమీక్షకులందరినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ప్రతి ఒక్కరి చేతా తనది కాని భాగం గురించి కూడా మాట్లాడించండి. వారిలో కనీసం ఇద్దరు గతంలో ఇలాంటి ప్రాజెక్టు నడిపి దెబ్బతిన్నవారై ఉంటే ఇంకా మంచిది.

ఇక అసలు సందేహం. వాతావరణానికి సంబంధించిన ప్రతి సమస్యకూ పది శాఖలు అవసరం లేదు. బ్యాటరీ లోపలి రసాయన చర్యను మెరుగుపరచాలంటే మంచి రసాయన శాస్త్రవేత్తలు చాలు, వారి ప్రపోజల్‌లోకి నీతిశాస్త్ర అధ్యాపకుణ్ణి బలవంతంగా నెట్టడం ఇద్దరికీ శిక్షే. ఏ ప్రశ్నకు బృందం కావాలో తేల్చడానికి నేను ఒక పరీక్ష వాడతాను: ఈ ప్రశ్నకు ఒకే శాఖ జవాబిస్తే ఆ జవాబు అసంపూర్ణంగా మాత్రమే ఉంటుందా, లేక తప్పే అవుతుందా? జలరేఖ గారికి తెలిసిన సంగతే ఉదాహరణగా తీసుకుందాం. బిందు సేద్యం వంటి పద్ధతులతో పొలంలో నీటి వృథా తగ్గుతుంది కాబట్టి నదీ పరీవాహకంలో నీరు మిగులుతుందని ఇంజనీరింగ్ లెక్క చెబుతుంది. కానీ ‘వృథా’ అని లెక్కించిన నీటిలో చాలా భాగం నేలలోకి ఇంకి భూగర్భ జలంగానో, కాలువలోకి చేరి కింది రైతుకో అందుతూనే ఉంది. పైగా మిగిలిన నీటితో రైతు ఇంకొంత భూమిని సాగు చేస్తాడు, లేదా ఎక్కువ నీరు తాగే పంటకు మారతాడు. మొత్తం మీద నీటి వినియోగం తగ్గకపోగా పెరగవచ్చని 2018లో సైన్స్ పత్రికలో గ్రాఫ్టన్, సహరచయితలు వివరించారు. ఇక్కడ ఇంజనీరింగ్ జవాబు ఒక్కటే ఉంటే అది సగం నిజం కూడా కాదు, తలకిందులైన నిజం. ఇలాంటి ప్రశ్నలకు డబ్బు ఇవ్వండి. మిగిలినవాటిని వాటి శాఖలకే వదిలేయండి.

సమాధానం 4
రాసినవారు: రెండో ఏడాది

ఉద్యోగంలో చేరి రెండేళ్లే అయింది కనుక పెద్దల మధ్య మాట్లాడటానికి కొంచెం జంకుగానే ఉంది. అయినా ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. బృందంలో పని చేస్తాం, సరే. ప్రమోషన్ ఇచ్చేది మాత్రం శాఖ. మా శాఖలో మొదటి రచయితగా ఎన్ని పత్రాలు, ఏ పత్రికల్లో అన్నదే లెక్క. పదిహేను మంది పేర్లున్న వ్యాసంలో నా పేరు ఏడోది అయితే అది ఉన్నా లేనట్టే. మా శాఖ పెద్ద ఒకరు నాతో ఎంతో ఆప్యాయంగా, ‘ఉద్యోగం ఖాయమయ్యాక నీ ఇష్టం వచ్చినంత మందితో కలిసి పనిచేద్దువుగాని అమ్మా’ అన్నారు. ఆ మాటలో చెడు ఉద్దేశం లేదు. అదే మా శాఖలో అసలు నియమం.

నిధి ఇచ్చేటప్పుడే దీన్ని కొంతవరకు సరిచేయవచ్చని అనుకుంటున్నాను. బృందంలో ఉన్న ప్రతి చిన్న వయసు అధ్యాపకుడి శాఖాధిపతి నుంచి, ఈ పనిని ప్రమోషన్ సమయంలో ఎలా లెక్కిస్తారో చెప్పే లేఖ ఒకటి ప్రపోజల్‌తో పాటు అడగండి. ‘మద్దతు ఇస్తున్నాం’ అన్న మర్యాద వాక్యాన్ని అంగీకరించకండి. ఎవరు ఏమి చేశారో చెప్పడానికి ‘క్రెడిట్’ అనే పాత్రల పట్టిక ఉంది. భావన, పద్ధతి, సమాచార నిర్వహణ, సాఫ్ట్‌వేర్, రచన వంటి 14 పాత్రలు అందులో ఉన్నాయి, చాలా పత్రికలు ఇప్పుడు దాన్ని అడుగుతున్నాయి. బృందం తన మొదటి నెలలోనే ఆ పట్టికను నింపుకుని, ఆరు నెలలకోసారి సవరించుకోవాలని మీరు షరతు పెట్టవచ్చు. నేను ఉన్న బృందంలో సమాచారమంతా సరిచేసి, ఒకే రూపంలోకి తెచ్చింది ఒక పీహెచ్‌డీ విద్యార్థిని. ఆమె ఎనిమిది నెలల పని చివరికి కృతజ్ఞతల పేరాలో ఒక పేరుగా మిగిలింది.

పీహెచ్‌డీ విద్యార్థుల గురించి ఇంకొక మాట. రెండు శాఖల మధ్య పనిచేసే విద్యార్థికి ఇద్దరు గైడ్‌లు ఉంటే, ఇద్దరూ ఒక్కో పూర్తి థీసిస్ ఆశిస్తారు. ఆ థీసిస్‌ను ఏ శాఖ నియమాల ప్రకారం పరీక్షిస్తారో విద్యార్థి చేరే రోజునే రాతపూర్వకంగా తేల్చాలి.

జలరేఖ (ప్రశ్న అడిగినవారు)

అందరికీ ధన్యవాదాలు. నిన్నటి సంఘ సమావేశంలో మీరు చెప్పినవి చాలావరకు ముందుంచాను. మొదటి ఏడాదిలో మొత్తం నిధిలో అయిదో వంతు మాత్రమే ఖర్చు చేసి, ఆరేడు బృందాలకు ప్రణాళిక దశకు ఇవ్వాలని, ఏడాది చివర వాటిలో రెండింటిని ఎంచుకోవాలని ఒప్పుకున్నారు. బడ్జెట్, కాలపట్టికలను పక్కపక్కన పెట్టి చూడటానికి ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పలేదు. శాఖాధిపతుల లేఖ దగ్గర మాత్రం గంటసేపు వాదన జరిగింది, ముగ్గురు శాఖాధిపతులు ‘మా అధికారాల్లో జోక్యం’ అన్నారు. చివరకు లేఖ తప్పనిసరి కాదు గానీ, జతచేసిన బృందానికి ప్రాధాన్యం ఉంటుంది అన్న దగ్గర రాజీ కుదిరింది. రెండో ఏడాది గారూ, మీరు అడిగినంత సాధించలేకపోయాను.

రెండు చిక్కులు మిగిలాయి. ఏడాది తరువాత ఎంపిక కాని నాలుగైదు బృందాలను ఏమి చేయాలి? ఎంపికైనవారికి మూడేళ్ల తరువాత ఎవరు డబ్బు ఇస్తారు?

సమాధానం 5
రాసినవారు: పాతఫైలు

మొదటి చిక్కు అనుకున్నంత పెద్దది కాదు. ఎంపిక కాని బృందం చేతిలో ఏడాది కష్టంతో తయారైన ప్రపోజల్ ఉంటుంది. దాన్ని బయటి సంస్థలకు పంపడానికి మీ పరిశోధన కార్యాలయం ఆరు నెలలు సాయం చేస్తుందని ప్రకటనలోనే రాయండి. బయట అలాంటి తలుపులు ఉన్నాయి. 2009లో ఏర్పడిన బెల్మాంట్ ఫోరమ్ ప్రపోజల్స్ కోరుతూ ఇచ్చే పిలుపుల్లో అనేక దేశాల నిధి సంస్థలు కలుస్తాయి, ఒక్కో దేశం సాధారణంగా తన పరిశోధకుల ఖర్చు తాను భరిస్తుంది. ప్రకృతి శాస్త్రాలు, సామాజిక శాస్త్రాలతో పాటు ఆ పరిశోధన ఫలితాన్ని వాడుకోబోయేవారు కూడా బృందంలో ఉండాలని వారు అడుగుతారు. ఏడాదిపాటు కలిసి కూర్చున్న మీ బృందం అక్కడ మిగిలినవారికంటే ముందుంటుంది. విడిపోవాలనుకున్నవారిని విడిపోనివ్వండి, అది తెలుసుకోవడానికే కదా ఆ అయిదో వంతు ఖర్చు పెట్టింది.

రెండోదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. స్టాన్‌ఫోర్డ్ లాంటి చోట 2022లో 110 కోట్ల డాలర్ల విరాళంతో సుస్థిరతకు ఏకంగా ఒక కొత్త స్కూల్ నెలకొల్పగలిగారు; అది అందరికీ దొరికే దారి కాదు. ప్రభుత్వ నిధి అయినంత మాత్రాన భద్రం అనుకోవడానికీ లేదు. బ్రిటన్ ప్రభుత్వం 2015లో ప్రకటించిన ప్రపంచ సవాళ్ల పరిశోధన నిధి 150 కోట్ల పౌండ్లది. 2021లో విదేశీ సహాయానికి కోత పడినప్పుడు, అప్పటికే మాట ఇచ్చిన ప్రాజెక్టులకూ చేతిలో ఉన్న డబ్బుకూ మధ్య 12 కోట్ల పౌండ్ల తేడా వచ్చి, నడుస్తున్న పనులను మధ్యలో కుదించవలసి వచ్చింది. ఎక్కువ నష్టపోయింది ఇతర దేశాల్లోని భాగస్వాములు, వారి దగ్గర ఒప్పందం మీద పనిచేస్తున్న యువ పరిశోధకులు.

అందుకే ఒక చిన్న పని ఇప్పుడే చేయండి. బయటి నుంచి వచ్చే ప్రతి గ్రాంట్‌లో విశ్వవిద్యాలయం తన ఉమ్మడి ఖర్చుల కింద తీసుకునే వాటా (ఓవర్‌హెడ్) మొత్తం ప్రధాన పరిశోధకుడి శాఖకే వెళ్లే పద్ధతి మీ దగ్గర ఉంటే దాన్ని మార్పించండి. పాల్గొన్న శాఖలన్నిటికీ వాటా దక్కాలి, కొంత భాగం సమన్వయకర్త జీతానికి కేటాయించాలి. ప్రాజెక్టు ఎవరి పేరు మీద నమోదు కావాలన్న తగువు శాఖల మధ్య అక్కడే మొదలవుతుంది. మొదటి బయటి గ్రాంట్ వచ్చిన తరువాత ఆ వాటాల గురించి మాట్లాడటానికి ఎవరూ కూర్చోరు, కాబట్టి ప్రణాళిక దశ నిధి ఇచ్చే ముందే ఆర్థిక విభాగం చేత సంతకం చేయించుకోండి.